దెయ్యం సినిమాకి ఒకరు నవ్వారు, ఒకరు ఏడ్చారు, ఒకరు లేచి వెళ్ళిపోయారు. ఎందుకు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాయగడలో మీ ఇంట్లో ఆదివారం రాత్రి ఆరుగురు కూర్చుని థాయి సినిమా 'ది మీడియం' చూశారు. మీ ఆఫీసు కుర్రాళ్ళిద్దరూ మొదటి గంటంతా నవ్వుతూనే ఉన్నారు. గుణుపురం నుంచి వచ్చిన నీ సవర స్నేహితుడు ఫోనొచ్చిందని చెప్పి సగంలో లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పక్కింటి ఒడియా మాస్టారికి ఆఖరి అరగంటే నచ్చింది. మీ అమ్మగారు ఎక్కడా భయపడలేదు, కానీ అమ్మవారి విగ్రహానికి తల లేదని తెలిసిన చోట కళ్ళు తుడుచుకున్నారు. నీకు సినిమా నడిచినంతసేపూ ఏమీ అనిపించలేదు. రాత్రి రెండింటికి కరెంటు పోతే మాత్రం మంచం దిగలేకపోయావు. "సినిమా ఫెయిలైనట్టా, మాకు చూడ్డం చేతకాలేదా?" అని అడిగావు.

రెండూ కాదు. ఆ సినిమా పోయినవాళ్ళ గురించీ, ఒంటిమీదికి వచ్చే దేవత గురించీ తీసింది. ఆ రెండింటితో ఏ ఇంటి సంబంధం ఆ ఇంటిది. ఆ రాత్రి మీ ఇంట్లో ఐదు ఇళ్ళ మనుషులు కూర్చున్నారు, ఎవరింటి పెద్దలు వాళ్ళ వెనకాలే వచ్చి కూర్చున్నారు. నువ్వు చెప్పిన ఒక్కో మనిషి దగ్గరా కాసేపు ఆగి నాకు తెలిసింది చెప్తాను.

ముందు నేనెవరో చెప్పాలి. పర్లాకిమిడిలో ఒక హాల్లో 22 ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను. ఆపరేటర్ సినిమా చూస్తాడనుకుంటారు జనం. మాకు తెర కన్నా ఎక్కువ కనపడేది తలకాయలు. 2000 అడుగుల రీలు 22 నిమిషాలు ఆడుతుంది, ఆ 22 నిమిషాల్లో రెండో మిషన్‌కి తర్వాతి రీలు ఎక్కించి, మిషన్ మార్చమని తెర మూలన చుక్క పడే క్షణం కోసం కిటికీలోంచి చూస్తూ నిలబడాలి. ఆ కిటికీ ముందు నిలబడి నిలబడి, బొమ్మ చూడకుండానే ఏ సీను నడుస్తోందో జనం వీపుల్ని బట్టి చెప్పగలిగే స్థితికి వచ్చాను. హాస్యం సీనుకి తలలు పక్కలకి ఊగుతాయి. ఏడుపు సీనుకి ఆడవాళ్ళ వరసల్లో తలలు కిందికి దిగుతాయి, కొంగు తీసుకోవడానికి. భయానికి తలలు కదలవు, కాళ్ళు కదులుతాయి. చెప్పులు వదిలేసి పాదాలు కుర్చీ మీదికి తీసేసుకుంటారు. కుర్చీ కింద ఏదో ఉందని ఎవరూ అనుకోరు, అయినా తీస్తారు. కేకలేసిన ఆటకన్నా, ఇంటర్వెల్ లైట్లు వెయ్యగానే అందరూ చెప్పులు వెతుక్కున్న ఆటే గట్టిగా పనిచేసిందని మాకు లెక్క.

ఇప్పుడు మీ ఆఫీసు కుర్రాళ్ళ నవ్వు. నవ్వారంటే భయపడలేదని కాదు. దెయ్యం సినిమా హాల్లో నేను మూడు రకాల నవ్వులు విన్నాను. అలికిడికి ఉలిక్కిపడి, తర్వాత పక్కవాడి మొహం చూసి నవ్వేది మొదటిది, అది ఊపిరి వదలడమే. బొమ్మలో మోసం దొరికిపోయినప్పుడు, తీగ కనపడినప్పుడో మేకప్ ఊడినప్పుడో, హాలంతా ఒకేసారి నవ్వేది రెండోది. ఇది ఒక్కటే సినిమా ఓడిపోయిన నవ్వు. మూడోది తెరమీద వాళ్ళ ఊరి సంగతి పరాయివాళ్ళు చేస్తుంటే వచ్చే నవ్వు. సినిమాలో దేవత ఒంటిమీదికి వచ్చే నిమ్ అనే ఆ నడివయసు ఆవిడ పూజగది, దండలు, గుడ్లు, మత్తుగా ఊగడం చూసి వాళ్ళకి వచ్చింది ఈ మూడోదే అనుకుంటున్నాను. వాళ్ళ మేనత్తో, వీధి చివర గురువమ్మో అచ్చం అలాగే కూర్చుంటుంది. ఆవిణ్ణి చూసి ఇంట్లో నవ్వలేరు. థాయిలాండు ఆవిడని చూసి నవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ సినిమా సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. 2021లో వచ్చింది. దర్శకుడు బాంజోంగ్ పిసంతనకున్, నిర్మాత కొరియా దర్శకుడు నా హోంగ్ జిన్. థాయిలాండు ఈశాన్యంలోని ఇసాన్ ప్రాంతంలో జరిగే కథ. బాయాన్ అనే దేవత ఒక వంశంలో ఆడవాళ్ళ మీదికే, తరం తర్వాత తరం వస్తుంది. అక్క నోయ్‌కి ఆ పిలుపు ఇష్టం లేక చర్చిలో చేరింది. అప్పుడది చెల్లెలు నిమ్ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నోయ్ కూతురు మింక్‌కి ఒంట్లో తేడాలు మొదలయ్యాయి. వస్తున్నది దేవతేనా, ఇంకేదైనానా అన్నదే కథంతా. డాక్యుమెంటరీ తీసేవాళ్ళు వెంట తిరుగుతున్నట్టు తీశారు. థాయి పేరు 'రాంగ్ సోంగ్'. అందులో 'రాంగ్' అంటే శరీరం. మనం 'ఒంటిమీదికి వచ్చింది' అంటామే, సరిగ్గా ఆ ఒళ్ళే.

ఒంటిమీదికి రావడం అంటే నాకు మా హాలే గుర్తొస్తుంది. 1995 చివర్లో విడుదలైన 'అమ్మోరు' మా ఊరికి కొన్ని వారాల తర్వాత వచ్చింది. మ్యాట్నీకి పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చేవారు. మూడో రోజు పతాక సన్నివేశంలో, నడిమి వరసలో ఒకావిడ లేచి నిలబడింది. జుట్టు విప్పుకుపోయింది. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు భయపడి పారిపోలేదు, నేను చూసినంతలో ఒక్కరూ పారిపోలేదు. పక్కావిడ తన ఒళ్ళోని గుంటణ్ణి ఇంకొకరికి అందించి, రెండు చేతులూ జోడించి "ఏటి కావాలమ్మా, సెప్పు తల్లీ" అని అడిగింది. గేట్ దగ్గర మనిషి పసుపు నీళ్ళు పట్టుకుని పరిగెత్తాడు. మా మేనేజరు కేబిన్‌లోకొచ్చి మిషన్ ఆపెయ్యమన్నాడు. ఆపేసి లైట్లు వేశాను. అంతమందిలో ఒక్కరు కూడా సినిమా ఎందుకు ఆపావని అరవలేదు. పది నిమిషాలు హాలంతా ఆవిడ శాంతించే వరకు నిలబడి ఉంది. తర్వాత ఆవిడే కూర్చుని, మంచినీళ్ళు తాగి, మిగతా సినిమా చూసింది.

ఆ ఊళ్ళ మనుషుల పిల్లలమే మనం. అందుకని మీ అమ్మగారు నిమ్‌ని చూసి భయపడకపోవడంలో ఆశ్చర్యమేముంది? అమ్మవారు ఒక మనిషి నోట మాట్లాడడం ఆవిడకి వింత కాదు, భయం అంతకన్నా కాదు. మజ్జిగౌరమ్మ మొహం చూసి పొద్దున్నే దణ్ణం పెట్టుకునే ఊరు మీది. ఆ ఊరి ఆడమనిషికి, అమ్మవారి విగ్రహం తల తెగిపోయి ఉందంటే అది దెయ్యం వస్తోందని సూచన కాదు, కాపలా ఉన్న తల్లి వెళ్ళిపోయిందని కబురు. ఆవిడ ఏడ్చింది దిక్కులేకుండా అయిపోయిన నిమ్ కోసం. సినిమాని మీ ఇంట్లో అందరికన్నా దగ్గరగా చూసింది మీ అమ్మగారే అని నేననుకుంటున్నాను. దర్శకుడు ఆ సీను పెట్టింది సరిగ్గా అలాగే తగలాలని.

గుణుపురం స్నేహితుడి సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. అతను ఎందుకు వెళ్ళిపోయాడో నేను తేల్చి చెప్పకూడదు, అది అతను చెప్పాల్సిన మాట. నాకు తెలిసింది మాత్రం చెప్తాను.

మా హాల్లో టిక్కెట్లు చింపే కుర్రాడు సవర. ఒకసారి అతని పెదనాన్న పోయాక జరిగే తంతుకి కొండమీది ఊరికి నన్ను తీసుకెళ్ళాడు. సవరల్లో పోయినవాళ్ళని సోనుం అంటారు, వాళ్ళకి నోరిచ్చే ఆవిణ్ణి కురన్‌బోయి అంటారు. ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాటలా ఏదో మొదలెట్టింది, కాసేపటికి తల వాలిపోయింది. తర్వాత ఒక్కొక్కరే పోయినవాళ్ళు వచ్చి మాట్లాడడం మొదలైంది. నేను ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చున్నాను, దెయ్యం సినిమా చూసే అలవాటుతో. నా చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఆ పోయినాయనతో వాదించారు. బాకీ సంగతి అడిగారు. ఆయన ఏదో అంటే పడీపడీ నవ్వారు. అంతలోనే ఆయన భార్య వెక్కివెక్కి ఏడ్చింది, ఆవిడ కోసం అందరూ ఊరుకున్నారు. ఇంటి గోడ మీద ఆ పోయినవాళ్ళ కోసం వేసిన ఇడితాల్ బొమ్మ, అందులో చిన్న చిన్న మనుషులు, ఏనుగులు, దువ్వెనలు. పోయినవాళ్ళతో మాట్లాడడం ఆ ఊళ్ళో సంసారంలో ఒక పని.

ఈ భాషని పట్టించుకున్న మొదటి తెలుగువారు మా ఊళ్ళోనే పాఠం చెప్పారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేస్తే ఆ బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనలో చాలామంది ఆ రెండో సంగతే తలుచుకుంటాం. సవర ఇళ్ళల్లో కూర్చుని ఆయన విన్న మాటలు ఏమిటో తలుచుకోం.

ఇక ఆ కొండల్లో ఇప్పుడు చర్చిలు చాలా ఉన్నాయి. కెనడా బాప్టిస్టు మిషనరీలు ఎప్పుడో వచ్చి సెరంగోలో ఆసుపత్రి పెట్టారు, బడులు పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో మా గజపతి జిల్లాలో మూడో వంతుకి పైగా క్రైస్తవులు. 1970ల నుంచి సవర ఊళ్ళల్లో ఉండి వచ్చిన పియర్స్ వితెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఈ మార్పు గురించే ఎక్కువ రాశాడు. తల్లిదండ్రులు రోజూ పోయినవాళ్ళతో మాట్లాడేవారు, పిల్లలు చర్చికి వెళ్ళాక ఆ మాటలు ఆగిపోయాయి. ఇందులో ఎవరిది తప్పని నేననడం లేదు. చదువొచ్చింది, మందొచ్చింది, కోడినీ మేకనీ బలిచ్చే ఖర్చు తప్పింది. కానీ ఒక్క తరంలో తాతమ్మలతో మాట ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో మనకి తెలీదు, వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు ఆ సినిమాలో నోయ్‌ని చూడు. పిలుపు వద్దనుకుని చర్చికి వెళ్ళిన ఆడమనిషి. ఆవిడ కూతురి మీద పడింది ఆ బరువు. నీ స్నేహితుడు చర్చికి వెళ్ళే ఇంటివాడైతే, తెర మీద తన ఇంటి గొడవే వచ్చి కూర్చుంది, అదీ పక్కన ఇద్దరు నవ్వుతుండగా. పాత పద్ధతిలో ఉన్న ఇంటివాడైతే, వాళ్ళ అవ్వ చేసే పని భయపెట్టే వస్తువైపోయింది. ఎటు చూసినా కూర్చోవడం కష్టమే. సినిమాకి అతను ఇచ్చిన స్పందన అందరికన్నా బలమైనది. దాన్ని "భయపడ్డాడు" అని మాత్రం ఎవరికీ చెప్పకు.

ఒడియా మాస్టారి గురించి తక్కువే చెప్తాను. దీపావళి రాత్రి మన పిల్లలు గోగుకాడలకి గుడ్డ కట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి" అని కొడతారు. అదే రాత్రి ఆయన ఇంటి ముందు జనపకట్టెలు వెలిగించి "బడబడువా హో, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి" అని ఒడియాలో పెద్దల్ని పిలిచి సాగనంపుతారు. ఏడాదికోసారి పిలిచి మర్యాదగా పంపించేసే ఇంట్లో పెద్దల గురించి దిగులుండదు. మొదటి గంటలో ఆయనకి తగిలేదేమీ లేకపోవడం, ఆఖర్లో పరుగులూ అరుపులూ నచ్చడం నాకు సహజంగానే ఉంది. మనం కూడా సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టుకుంటాం. పెట్టుకోని ఏడాది మనకెలా ఉంటుందో నీకు తెలుసు.

ఆఖరి అరగంట మీద నా అభిప్రాయం అడగలేదు కానీ చెప్పాలనుంది. ఇంట్లో పెట్టిన రాత్రి కెమెరాల బొమ్మలు, ఆకుపచ్చ వెలుతురు, పెంపుడు కుక్క సీను, తర్వాత మూకుమ్మడిగా మీద పడడం, ఇవన్నీ వేరే సినిమాల దగ్గర అరువు తెచ్చినవి. మొదటి గంటన్నర మనిషి లోపల గుబులు పెట్టిన సినిమా అక్కడికొచ్చి బయట నుంచి కొట్టడం మొదలెట్టింది. కొరియాలో విడుదలైనప్పుడు క్రూరత్వం మీద, ముఖ్యంగా ఆ కుక్క సీను మీద గొడవ జరిగింది. భయపడేవాళ్ళ కోసం కొన్ని హాళ్ళలో లైట్లు వెలుగుతుండగానే ఆటలు వేశారు. ఒక ఆపరేటర్‌గా ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది. లైటు వేస్తే ఆఖరి అరగంట భయం తగ్గుతుంది నిజమే, మొదటి గంట గుబులు తగ్గదు. అది చీకటి మీద ఆధారపడలేదు. ఇదే దర్శకుడు 2004లో ఇంకొకరితో కలిసి తీసిన 'షట్టర్' చూసినవాళ్ళకి తెలుస్తుంది: ఆ సినిమా అయ్యాక మా ఇంట్లో అందరూ మెడ రుద్దుకున్నారు, పట్టపగలు.

నీ సంగతి. సినిమా అంతసేపూ ఏమీ అనిపించలేదన్నావు. మీ అమ్మగారికి ఇంగ్లీషు అక్షరాలు రావని కూడా రాశావు. మరి కింద పడే మాటలు ఆవిడకి తెలుగులో చదివి చెప్పిందెవరు? నువ్వే అయ్యుంటావు. చదివి చెప్పేవాడికి భయం వెయ్యదు, తమ్ముడూ. వాడు పనిలో ఉంటాడు. 22 ఏళ్ళలో కేబిన్‌లో నాకు ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు. కింద వెయ్యిమంది కాళ్ళు ముడుచుకుంటుంటే నేను రీలు చుట్టుకుంటూ ఉండేవాణ్ణి. డిజిటల్ వచ్చి నా పని పోయాక, మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని జనంలో కూర్చున్న రోజున, చాలా మామూలు సినిమాకి, నా పాదాలు వాటంతటవే పైకొచ్చాయి. నువ్వు ఆ రాత్రి రెండింటికి, పనేమీ లేకుండా పడుకున్నప్పుడు, నీ సినిమా నువ్వు చూశావు. ఆలస్యంగా వచ్చినా అసలు భయం అదే.

ఇంకొక్కటి. నీ ఉత్తరంలో ఆరుగురి గురించీ రాశావు గానీ ఆఖరి సీను గురించి ఎవరూ ఏమీ అన్నట్టు లేదు. గొడవంతా అయిపోయాక, నిమ్ చనిపోకముందు కెమెరాతో మాట్లాడిన ముక్క ఒకటి వస్తుంది. ఇన్నాళ్ళూ తన ఒంటిమీదికి బాయాన్ నిజంగా వచ్చిందో లేదో తనకే తెలీదని ఏడుస్తుంది. సవానీ ఉతుమ్మా అనే నటి ఆ ఒక్క నిమిషంలో చేసింది చూడు. అప్పటికి మీవాళ్ళు లేచి నీళ్ళు తాగుతూ ఉండి ఉంటారు. మన హాళ్ళలో ఆ అలవాటు మేమే చేశాం. ఫైటింగ్ అయిపోగానే తలుపులు తీసి, ఆఖరి బొమ్మ పడకముందే లైట్లు వేసేవాళ్ళం, తర్వాతి ఆటకి జనం బయట నిలబడి ఉండేవారు కనక. ఎన్ని సినిమాల ఆఖరి మాట జనానికి వినపడకుండా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా అప్పకి ముప్ఫై ఏళ్ళుగా గ్రామదేవత పండక్కి పూనకం వస్తుంది. ఊరు ఊరంతా ఆవిణ్ణి అడిగి పెళ్ళిళ్ళు పెట్టుకుంటుంది. ఆవిడతో కూర్చుని ఈ సినిమా చూశాను, మా మేనకోడలు చదివి చెప్పింది. అప్ప ఎక్కడా మాట్లాడలేదు. నిమ్ ఆ ఆఖరి మాట అన్నాక చాలాసేపు తెరవైపే చూసి, "నాకూ తెల్దురా తమ్ముడా" అంది. ఆ మాట ముప్ఫై ఏళ్ళలో మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మేం లైటు వెయ్యలేదు. కాసేపయ్యాక ఆవిడే లేచి దేవుడి దగ్గర దీపంలో నూనె పోసింది.

వీలైతే ఇంకోసారి మీ అమ్మగారితో చూడు, ఈసారి చదివే పని ఇంకొకరికిచ్చి నువ్వు ఆవిడ పక్కన కూర్చో. శబ్దం మరీ పెంచకు, ఆ ఊరి పురుగుల చప్పుడు వినపడితే చాలు. ఆఖరి అరగంట దగ్గర ఆవిడ వద్దంటే దాటించెయ్యి, నిమ్ మాట్లాడే చోటికి మాత్రం తీసుకెళ్ళు. గుణుపురం అతన్ని సినిమాకి పిలవకు. టీకి పిలు, వాళ్ళ అవ్వ గురించి అడుగు, చెప్తే విను. అతను ఏమన్నాడో ఇక్కడ రాయక్కర్లేదు.

మీ అమ్మగారు ఆ ఆఖరి సీనుకి ఏమన్నారో మాత్రం రాయి. ఎదురుచూస్తుంటాను.